గుణకారం లేకుండా కర్ణం

లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు తెలిస్తే కర్ణం ఎంతో చెప్పడం బడి పిల్లల లెక్కే. రెండింటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీస్తాం. మరి హెచ్చవేతే భారమయ్యే యంత్రం ఏం చేస్తుంది? క్లాసులో ఒకమ్మాయి ఇలా అడిగితే నేను జాక్ వోల్డర్ గురించి చెప్పాను.

అమెరికాలో కాన్వేర్ కంపెనీ తయారుచేసిన బి-58 బాంబర్ విమానానికి దారి చూపే కంప్యూటర్‌లో రిజాల్వర్ అనే పరికరం ఉండేది. తీగచుట్టలు తిరుగుతూ కోణాల లెక్క తేల్చేవి. దాని బదులు అంకెలతో పనిచేసేది కావాలన్నారు. 1956లో వోల్డర్ ఆ తిప్పడాన్నే అంకెల్లోకి తెచ్చాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కర్ణాన్ని తిప్పి తిప్పి నేలకు పడుకోబెడితే నిలువు సున్నా అవుతుంది, మిగిలిన అడ్డమే కర్ణం. ఎంతెంత తిప్పాలి? టాన్ విలువ 1, 1/2, 1/4, 1/8 అయ్యే కోణాలే ఎంచుకున్నాడు. బైనరీలో సగం చేయడమంటే అంకెల్ని ఒక స్థానం కుడికి జరపడమే కదా! ఇక కూడికలు, తీసివేతలు చాలు.

అడ్డం 3, నిలువు 4 తీసుకోండి. మొదటి తిప్పుకి అడ్డం 3+4=7, నిలువు 4−3=1. రెండో తిప్పులో సగాలు: అడ్డం 7.5, నిలువు 1−3.5=−2.5. నేల దాటి కిందికి పోయింది, కాబట్టి ఈసారి పైకి తిప్పాలి. పావులు: అడ్డం 8.125, నిలువు −0.625. నిలువు మైనస్ అయినా కాకపోయినా, అందులో భాగాన్ని గుర్తు వదిలేసి అడ్డానికి కలుపుతూనే ఉంటాం. ఇలా పోతే అడ్డం 8.234 దగ్గర నిలుస్తుంది.

కర్ణం 5 కదా, 8.234 ఏమిటి? ప్రతి తిప్పూ గీతను కొంచెం సాగదీస్తుంది. పైకి తిప్పినా కిందికి తిప్పినా సాగేది అంతే కాబట్టి, ఏ త్రిభుజానికైనా మొత్తం సాగుడు ఒక్కటే, సుమారు 1.6468 రెట్లు. ముందే తెలిసిన ఆ సంఖ్యతో భాగిస్తే 5 వచ్చేస్తుంది.

వోల్డర్ దీన్ని కార్డిక్ పేరుతో 1959లో ప్రచురించాడు. 1968లో హెచ్‌పీ 9100ఏ డెస్క్ క్యాలిక్యులేటర్‌లోకి, 1972లో జేబులో పట్టే హెచ్‌పీ-35లోకి ఇదే పద్ధతి దశాంశ రూపంలో చేరింది. ఇప్పటికీ గుణకారానికి చోటు లేని చిప్‌లలో వాడుతున్నారు.

కాగితం మీద మీరూ చేసి చూడండి. అడ్డం 12, నిలువు 5 పెట్టండి. చివరికి అడ్డం 21.41 దగ్గర ఆగితే మీ లెక్క సరిపోయినట్టే.