అమ్మానాన్నలకి స్మార్ట్‌వాచ్ కొంటున్నారా? అడుగుల లెక్కలో కనిపించనిది ఇదీ

పండక్కి ఇంటికెళ్తూ నాన్నకో ఫిట్‌నెస్ బ్యాండ్, అమ్మమ్మకో స్మార్ట్‌వాచ్ పట్టుకెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. ఫోన్‌కి పెయిర్ చేస్తాం, ఫాంట్ సైజ్ పెంచుతాం, రోజుకి 10,000 అడుగులు అని గోల్ పెట్టేసి వచ్చేస్తాం. చిక్కంతా ఆ గోల్ దగ్గరే ఉంది.

ఆ 10,000 అనే అంకె ఏ ల్యాబ్‌లోనూ పుట్టలేదు. 1965లో జపాన్‌కి చెందిన యమాసా అనే కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటర్ ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్పోకెయ్. 'మాన్' అంటే పదివేలు, 'పో' అంటే అడుగులు, 'కెయ్' అంటే మీటర్. అంటే మన వాచ్‌లలో డిఫాల్ట్‌గా వచ్చే గోల్ 60 ఏళ్ల నాటి ఒక ప్రొడక్ట్ పేరన్నమాట! 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది మహిళల మీద చేసిన స్టడీ ఒకటి వచ్చింది. రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాల రేటు 41 శాతం తక్కువగా కనిపించింది. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు. నడక వల్లే తగ్గిందని ఈ ఒక్క స్టడీతో తేల్చలేం కానీ, 70 దాటినవాళ్లకి 10,000 పెట్టి రోజూ 'గోల్ మిస్సయ్యారు' అని బజ్ కొట్టించాల్సిన అవసరం మాత్రం లేదు.

పైగా ఆ లెక్క కూడా సరిగ్గా పడదు. బ్యాండ్‌లోని యాక్సెలరోమీటర్ చేతి ఊపుని బట్టి అడుగుని గుర్తుపడుతుంది. చేతికర్ర పట్టుకుని, వాకర్ తోసుకుంటూ, లేదా మోకాళ్ల నొప్పితో నెమ్మదిగా నడిచేవాళ్ల చెయ్యి పెద్దగా ఊగదు. చాలా అడుగులు లెక్కలోకే రావు. బాగా కష్టపడి నడిచినవాళ్లకే స్కోరు తక్కువ చూపించే గ్యాడ్జెట్ ఇది.

అసలు కొలవాల్సింది కాలి బలం

వయసు పైబడ్డాక మనిషిని మంచాన పడేసే వాటిలో పెద్దది జారిపడటం. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ అయ్యాక కూడా చాలామంది మునుపటిలా నడవలేరు. పడిపోకుండా ఆపేది తొడ కండరాల బలం, బ్యాలెన్స్. కాలు తడబడినప్పుడు రెప్పపాటులో రెండో కాలు ముందుకేసి నిలదొక్కుకోవాలి. అలా చటుక్కున పనిచేసే కండర తంతువులే వయసుతో పాటు ముందుగా తగ్గిపోతాయి. చదునైన రోడ్డు మీద నడక గుండెకి మంచిదే కానీ, ఈ కండరాలకి అది చాలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 గైడ్‌లైన్స్‌లో 65 దాటినవాళ్లకి వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, బలం, బ్యాలెన్స్ పెంచే కసరత్తులు వారానికి కనీసం మూడు రోజులు చేయమని విడిగా చెప్పింది.

మరి ఈ బలం ఎంతుందో ఎలా తెలుస్తుంది? దీనికి గ్యాడ్జెట్ ఖర్చు సున్నా. ఒక కుర్చీ, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించాలి, సీటు ఎత్తు సుమారు 17 అంగుళాలు ఉండాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ వాడే పట్టిక ప్రకారం 65-69 మధ్య మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 11 కంటే తక్కువ చేస్తే పడిపోయే రిస్క్ ఉన్నట్టు. 75-79 మధ్య అయితే ఆ అంకెలు 11, 10. ఒక్కసారైనా చేతులతో ఊతం పట్టుకుని లేస్తే స్కోరు సున్నా. టెస్ట్ చేసేటప్పుడు పక్కనే మీరు నిలబడండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపేయండి. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లతో అసలు చేయించొద్దు.

కోచి ఊళ్లో కుర్చీలు, ఇనుప కడ్డీలు

10,000 అడుగుల గోల్ ఇచ్చిన జపానే దీనికి మంచి జవాబు కూడా ఇచ్చింది. షికోకు దీవిలోని కోచి నగరపాలక సంస్థ 2002లో 'ఇకీఇకి హ్యాకుసాయ్ తాయ్‌సో' అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. 'హుషారుగా నూరేళ్లు' కసరత్తు అనుకోవచ్చు. చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది. వీధిలోని కమ్యూనిటీ హాల్లో వారానికి ఒకటి రెండుసార్లు ముసలివాళ్లు కుర్చీలేసుకుని వరసగా కూర్చుంటారు. ముందు టీవీలో వీడియో నడుస్తుంటుంది. మణికట్టుకీ చీలమండకీ బరువు పట్టీలు కట్టుకుని, అంకెలు లెక్కపెట్టుకుంటూ చేతులు, కాళ్లు నెమ్మదిగా ఎత్తి, అంతే నెమ్మదిగా దించుతారు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా అందులో భాగమే.

నాకు నచ్చింది ఆ పట్టీ డిజైన్. సన్నని ఇనుప కడ్డీలు దూర్చుకునే అరలుంటాయి. సున్నా నుంచి 2.2 కిలోల దాకా 10 లెవెల్స్‌లో బరువు మార్చుకోవచ్చు. 90 ఏళ్ల బామ్మ ఖాళీ పట్టీతో మొదలుపెట్టొచ్చు, పక్క కుర్చీలో 66 ఏళ్లాయన ఆరు కడ్డీలు వేసుకోవచ్చు. ఇద్దరూ అదే వీడియోకి చేస్తారు. యూజర్‌ని బట్టి మారే డిఫికల్టీ సెట్టింగ్ అంటే ఇదే కదా, బ్యాటరీ కూడా అక్కర్లేదు. ట్రైనర్ కూడా రోజూ రాడు. మొదట్లో నిపుణులు వచ్చి నేర్పుతారు, తర్వాత నడిపేది ఆ వీధివాళ్లే. రాని మనిషి కోసం పక్కింటివాళ్లు తలుపు తట్టి అడుగుతారు. ఏ నోటిఫికేషనూ ఆ పని చేయలేదు. అందుకే కాబోలు ఈ పద్ధతి జపాన్‌లోని ఎన్నో ఊళ్లకి పాకింది.

అదే కోచిలో దీనికి జోడీగా 'కమికమి హ్యాకుసాయ్ తాయ్‌సో' కూడా ఉంది. ఇది నోటి కసరత్తు! నాలుక, పెదాలు, బుగ్గలు, నమిలే కండరాల కోసం. నవ్వు రావచ్చు కానీ లాజిక్ గట్టిది. నమలలేని మనిషి మెత్తటివే తింటాడు, మెత్తటివే తింటే ప్రొటీన్ తగ్గుతుంది, ప్రొటీన్ లేకపోతే ఎన్ని కడ్డీలు ఎత్తినా కండ పట్టదు.

మన ఇళ్లలోనూ ఇదే కథ. పళ్లు ఊడిన తాతయ్య చారన్నం, మజ్జిగన్నం, ఇడ్లీతో రోజు గడిపేస్తాడు. కడుపు నిండుతుంది, అంతే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ సూచిస్తుంది. వృద్ధుల పోషణ మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందాలు 1 నుంచి 1.2 గ్రాములు కావాలంటున్నాయి. 60 కిలోల మనిషికి 60 గ్రాములు అనుకుందాం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 6-7, గట్టి ముద్దపప్పు ఒక కప్పులో మరో 6-7. లెక్కేస్తే మూడు పూటలా ఏదో ఒకటి ఉండాల్సిందే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెంచకూడదు.

ఫుడ్ ఫోటో తీస్తే క్యాలరీలు చెప్పే యాప్‌ల్ని ఇక్కడ నేను నమ్మను. గిన్నెలో ఉన్నది గట్టి పప్పో, నీళ్ల పప్పుచారో పైనుంచి ఫోటోలో సరిగ్గా తెలియదు. జపాన్‌వాళ్ల పద్ధతి ఇంకా తేలిక. చేప, మాంసం, గుడ్డు, పాలు, సోయా, ఆకుకూరల్లాంటి రంగు కూరగాయలు, సముద్రపు నాచు, దుంపలు, పళ్లు, నూనె అని 10 రకాలు. దాదాపు రోజూ తినే ప్రతి రకానికీ ఒక పాయింట్, ఏడు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మంచి స్కోరు. మనకి నాచు తీసేసి పప్పులు పెట్టుకుంటే సరిపోతుంది.

మరి వాచ్ వద్దా?

కొనండి, కానీ వేరే ఫీచర్ కోసం. యాపిల్ వాచ్‌లో 2018 నాటి సిరీస్ 4 నుంచి ఫాల్ డిటెక్షన్ ఉంది. గట్టిగా పడిపోయి దాదాపు నిమిషం పాటు కదలకపోతే తనే ఎమర్జెన్సీ కాల్ చేస్తుంది. సామ్‌సంగ్ వాచ్‌ల్లోనూ ఇలాంటిది ఉంది. చాలా బడ్జెట్ బ్యాండ్లలో ఉండదు, కొనేముందు చూసుకోండి. ఐఓఎస్ 15 నుంచి ఐఫోన్‌లో వాకింగ్ స్టెడీనెస్ అనే ఫీచర్ ఉంది. నడక వేగం, అడుగు పొడవు లాంటివి గమనించి తూలుతున్నారేమో చెబుతుంది. కాకపోతే ఫోన్ నడుము దగ్గర జేబులో ఉండాలి. టీవీ పక్కన పెట్టేసి పార్కుకెళ్లే నాన్నల దగ్గర ఇది పనిచేయదు. గెలాక్సీ వాచ్ 4 నుంచి వచ్చిన బాడీ కంపోజిషన్ కొలత పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు.

అపార్ట్‌మెంట్ హాల్లో పది కుర్చీలు, ఒక టీవీ, ఫోన్ నుంచి కాస్ట్ చేసే వీడియో ఉంటే కోచి సెటప్ దాదాపు సిద్ధం. చీలమండ పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బరువు మార్చుకునే వీలున్నవే తీసుకోండి. మొదటిరోజు అందరి కుర్చీ టెస్ట్ స్కోర్లు వాట్సాప్ గ్రూపులో కాకుండా ఒక నోట్‌లో రాసిపెట్టండి, అందరిలో పెడితే తక్కువ వచ్చినవాళ్లు మళ్లీ రారు. మూడు నెలల తర్వాత మళ్లీ కొలవండి. కుర్చీ మాత్రం అదే ఉండాలి, సీటు రెండంగుళాలు ఎత్తైనా స్కోరు ఊరికే పెరిగిపోతుంది.