చెన్నపట్నం చుట్టు తిరగకుండా విశాఖకు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "ఊరికి పోయివచ్చాము" అని చెప్పిన ప్రయాణం ఎప్పుడూ రెండు భాగాలుగానే ఉండేది. మొదటి భాగం ఓడలో చెన్నపట్నం వరకు. రెండవ భాగం రైలులో నెల్లూరు, బెజవాడ, రాజమహేంద్రవరం మీదుగా విశాఖపట్టణం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వరకు. సముద్రంమీద సుమారు వారం రోజులు గడిపి ఓడ దిగినవాడికి ఊరు ఇంకా ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉండేది. పెట్టెలు, మూటలు, చంకలో పిల్లలు, చేతిలో మిగిలిన నాలుగు డబ్బులు. ఆ రెండవ భాగమే ఎక్కువ కష్టమని ముసలివాళ్ళు చెప్పుకునేవారు.

బర్మాకు పోయిన మనవాళ్ళకు ఈ చుట్టుదారి లేదు. విశాఖపట్టణం, భీమునిపట్నం, కాకినాడ రేవులనుండి రంగూనుకు తిన్నగా స్టీమర్లు నడిచేవి. మలయాకు వచ్చినవారిలో ఎక్కువమంది మాత్రం చెన్నపట్నం చేరి, దగ్గరలోని ఆవడి డిపోలో ఉండి, అక్కడ ఓడ ఎక్కి పినాంగులో దిగినవారే. 1910లో మలయాకు ఒప్పందకూలీ పద్ధతి ఆగింది. కంగాణీ పద్ధతి మిగిలింది. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీల వలసనే ఆపివేసింది. ఇన్ని మారినా దారి మాత్రం మారలేదు. రజూలా ఓడ గాని, తరువాత నడిచిన చిదంబరం ఓడ గాని మదరాసు, నాగపట్నం రేవులకే పోయేవి. 1985 ఫిబ్రవరిలో చిదంబరం ఓడలో అగ్నిప్రమాదం జరిగిన తరువాత ఆ ఓడప్రయాణం ముగిసింది. ఓడ పోయి విమానం వచ్చింది. ఆ విమానం కూడా మొదట మనలను చెన్నపట్నంలోనే దింపింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉన్నది. ఆకాశమార్గాన కౌలాలంపూరు నుండి చెన్నపట్నం దాదాపు 2,630 కిలోమీటర్లు. కౌలాలంపూరు నుండి విశాఖపట్టణం దాదాపు 2,610 కిలోమీటర్లు. అనగా విశాఖ మనకు చెన్నపట్నంకన్న దూరం కాదు. రెండూ ఒక్కటే. హైదరాబాదు మీదుగా పోతే మొదట 3,000 కిలోమీటర్లు పోయి, మళ్ళీ 500 కిలోమీటర్లు తూర్పుకు రావాలి. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్లు, ఇంతకాలము మనం చేసిన ప్రయాణం అది. మరి తిన్నగా విమానం ఎందుకు లేకపోయింది? ఉన్నప్పుడు ఎందుకు ఆగిపోతుంది? ఈ వ్యాసంలో చెప్పదలచినది అదే.

కూడలి విమానాశ్రయం

బండిచక్రం చూచినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. చక్రానికి నడుమ కుండ ఉంటుంది. ఆకులన్నీ వచ్చి ఆ కుండలో దిగుతాయి. ఒక ఆకు నుండి మరొక ఆకుకు పోవాలంటే కుండ మీదుగానే పోవాలి. విమానకంపెనీలు ఈ పద్ధతినే అనుసరిస్తాయి.

దీనికి కారణం లెక్కలో ఉంది. పది ఊళ్ళున్నాయనుకుందాము. ప్రతి ఊరికీ ప్రతి ఊరినుండీ తిన్నగా విమానం నడపాలంటే 45 దారులు కావాలి. ఆ పదింటిలో ఒక ఊరిని కూడలిగా చేసుకుంటే 9 దారులు చాలును. కూడలికి పోయే ఒక్క విమానంలో ఇరవై ఊళ్ళవాళ్ళు కూర్చుంటారు. ఒక ఊరివాళ్ళు తగ్గినా మరొక ఊరివాళ్ళు ఆ సీట్లు నింపుతారు. 1978లో అమెరికా తన విమానకంపెనీలపై నియంత్రణ ఎత్తివేసిన తరువాత ఈ కూడలి పద్ధతి అక్కడ బాగా విస్తరించింది. దుబాయి, సింగపూరు విమానాశ్రయాలు పెరిగిందీ ఈ పద్ధతిమీదనే.

కంపెనీకి లాభమైనది ప్రయాణికునికి ఎప్పుడూ సుఖం కాదు. మా నాన్నగారి అక్క చీపురుపల్లి దగ్గర పల్లెలో కాలం చేసినప్పుడు నాన్నగారికి 71 ఏళ్ళు. పదకొండవ రోజుకు చేరుకోవాలని వేరువేరు కంపెనీలలో రెండు టికెట్లు కొన్నాము. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైంది. కూడలిలో దిగి, ఇమ్మిగ్రేషను ముగించుకొని, పెట్టె తీసుకొని, కస్టమ్సు దాటి వచ్చేసరికి రెండవ విమానం పోయింది. రెండు టికెట్లు వేరు గనుక రెండవ కంపెనీవారు తమ బాధ్యత కాదన్నారు. రాత్రంతా కుర్చీలో కూర్చొని మరునాడు కొత్త టికెట్టుతో బయలుదేరి నాన్నగారు ఊరు చేరేటప్పటికి కర్మ ముగిసి, బంధువులు సగంమంది వెళ్ళిపోయారు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. కాని ఆ సంగతి ఎప్పుడు వచ్చినా మాట మార్చేస్తారు.

కూడలిని తప్పించే దారులు

పెద్ద పట్టణాలు కాని రెండు ఊళ్ళ మధ్య తిన్నగా విమానం నడవాలంటే రెండు విషయాలు కుదరాలి. మొదటిది, దారికి తగిన చిన్న విమానం. 300 సీట్ల విమానం నింపడం కష్టం. 180 సీట్ల ఎయిర్‌బస్ ఎ320 వంటిది నాలుగైదు గంటల ప్రయాణానికి సరిపోతుంది, ఖర్చూ తక్కువ. రెండవది, ఆ రెండు ఊళ్ళ మధ్యనే రాకపోకలు చేసే జనం. వ్యాపారులు, విహారయాత్రికులు ఒక్కొక్క యేడు ఒక్కొక్క చోటికి పోతారు. పుట్టింటికి, చావుకు, పెళ్ళికి పోయేవాడు మాత్రం అదే ఊరికి పోతాడు. అందుచేత ప్రపంచంలో ఇటువంటి దారులు పలుచోట్ల వలసపోయిన జనం వెంటనే పుట్టాయి. 2018లో అమృత్‌సర్ నుండి బర్మింగ్‌హాముకు ఎయిర్ ఇండియా విమానం పోయిందంటే అది పంజాబీలవల్ల. మన ఎయిర్ ఏషియా ఇండియాకు మొదట విమానం నడిపింది బొంబాయికో ఢిల్లీకో కాదు, 2008లో తిరుచిరాపల్లికి. మన ఇరుగుపొరుగు తమిళ సోదరుల ఊళ్ళు అటే గదా!

మన వంతు 2015లో వచ్చింది. ఎయిర్ ఏషియా కౌలాలంపూరు నుండి విశాఖపట్టణానికి తిన్నగా విమానం మొదలుపెట్టింది. సుమారు నాలుగు గంటల ప్రయాణం. రాత్రి ఇక్కడ ఎక్కినవాడు అదే రాత్రి విశాఖలో దిగి, తెల్లవారేసరికి బొబ్బిలిలోనో పలాసలోనో అన్నగారి వాకిట్లో నిలబడవచ్చును. 2020లో కరోనా వ్యాపించినప్పుడు అది ఆగింది. 2024 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలైంది.

ఎవరి అనుమతి కావాలి?

విమానమూ జనమూ ఉంటే చాలదు, అనుమతి కావాలి. 1944లో చికాగోలో జరిగిన ఒడంబడిక ప్రకారం ప్రతి దేశానికీ తన ఆకాశంపై పూర్తి అధికారం ఉంటుంది. ఏ దేశపు కంపెనీ అయినా మరొక దేశానికి క్రమంగా విమానం నడపాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి. అందుచేత దేశాలు రెండేసి చొప్పున ఒప్పందాలు చేసుకొని, ఏ ఊళ్ళకు, వారానికి ఎన్ని సీట్లు అని ముందే నిర్ణయించుకుంటాయి. ఆ సీట్లు పరిమితంగా ఉంటే కంపెనీలు వాటిని ఢిల్లీకి, బొంబాయికి, చెన్నైకి వాడుకుంటాయి గాని చిన్న ఊళ్ళకు వాడవు.

ఇక్కడ మనకు మేలు చేసిన నిర్ణయం ఒకటి ఉంది. 2003లో ఇండియా ప్రభుత్వం ఆసియాన్ దేశాల విమానకంపెనీలకు 18 పర్యాటక నగరాలను సీట్ల పరిమితి లేకుండా తెరిచింది. గయ, వారణాసి, తిరుచిరాపల్లి, కొచ్చి, అమృత్‌సర్ వంటి ఊళ్ళతోపాటు విశాఖపట్టణం ఆ జాబితాలో ఉంది. 2011లో సింగపూరు నుండి సిల్క్ ఎయిర్, దానికి బదులుగా 2019 నుండి స్కూట్, 2024లో బాంకాకు నుండి థాయి ఎయిర్ ఏషియా విశాఖకు వచ్చాయంటే ఈ జాబితాయే దారి వేసింది. విజయవాడ, తిరుపతి ఆ 18లో లేవు.

విశాఖకు ఇంకొక చిక్కు ఉండేది. విమానాలు దిగుతూ వచ్చిన చోటు నౌకాదళపు స్థావరం. పౌరవిమానాలకు దొరికే వేళలు తక్కువ. అందుకే విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయం తలపెట్టి, 2023 మే నెలలో శంకుస్థాపన చేశారు. శ్రీకాకుళం వైపు ఊళ్ళున్న కుటుంబాలకు అది మరింత దగ్గర.

ఎవరు నింపాలి?

వారానికి మూడు విమానాలు నడిచాయనుకుందాము. ఒక్కొక్క దానిలో 180 సీట్లు. రానూపోనూ కలిపి ఏడాదికి 56,000 సీట్లు దాటుతాయి. కూడలి విమానానికి ఇరవై ఊళ్ళ జనం ఆసరా. తిన్నని దారికి ఆ రెండు ఊళ్ళే ఆసరా.

నింపలేకపోతే ఏమవుతుందో విజయవాడ చూపించింది. 2018 డిసెంబరులో అక్కడినుండి సింగపూరుకు ఇండిగో విమానం మొదలైంది. సీట్లు మిగిలితే నష్టంలో కొంత భరిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ సాయం కొనసాగక 2019 జూనులో విమానం ఆగింది. ప్రభుత్వపు డబ్బు దారిని తెరవగలదు, నిలబెట్టలేదు.

మన దారిని మనం ఒక్కరమే నింపలేమన్న మాట నిజమే. విద్యార్థులు, ఉద్యోగులు, ఆస్ట్రేలియా నుండి కౌలాలంపూరులో విమానం మారి పోయే తెలుగువారు, 2023 డిసెంబరు నుండి మలేసియా వీసా మినహాయించిన తరువాత వస్తున్న విహారయాత్రికులు, వీరందరూ ఆ సీట్లలో కూర్చుంటారు. అయితే సెలవులకు వచ్చేవారు చౌకగా దొరికితే వేరే దేశం పోతారు. ఆ ఊరే కావలసినవాళ్ళం మనము. మనమే డిసెంబరు సెలవులలో, సంక్రాంతికి ఒక్కసారిగా ఎగబడి, మిగతా నెలలలో కనబడకపోతే కంపెనీ లెక్కలో మనం ఉండము.

కావున సంఘ శాఖలవారికి ఒక మనవి. సింహాచలం, అరసవల్లి, అన్నవరం యాత్రలు సెలవుల రద్దీ లేని నెలలలో, బృందాలుగా, విశాఖ విమానంలో ఏర్పాటు చేయండి. వేళలు సీజనును బట్టి మారుతుంటాయి కనుక టికెట్టు కొనేముందు చూచుకోండి. తిన్నని విమానం లేని రోజున తప్పనిసరిగా కూడలి మీదుగా పోవలసివస్తే, రెండు విమానాలూ ఒకే టికెట్టు కింద కొనండి. అప్పుడు మొదటిది ఆలస్యమైనా రెండవదానికి కంపెనీయే పూచీ. వంద రింగిట్లు మిగులుతాయని వృద్ధులను అర్ధరాత్రి విమానం మార్పించకండి.

మన తాతలకు దారి ఎన్నుకొనే స్వేచ్ఛ లేదు. డిపోవారు ఎక్కించిన ఓడ ఎక్కారు. దింపినచోట దిగారు. మనకు ఆ స్వేచ్ఛ వచ్చింది. మన పిల్లలకు ఊరు పేరు తెలియడం ఒక యెత్తు, ఆ ఊరికి నాలుగు గంటలలో పోవచ్చునని తెలియడం మరొక యెత్తు. ఈ యేడు సెలవులకు ఎక్కడికి పోదామని ఇంట్లో మాట వచ్చినప్పుడు విశాఖ పేరు కూడా ఒకసారి చెప్పవలసినదిగా కోరుతున్నాము.