ఎలుక కనిపిస్తే ఆగదు టెర్రియర్

పిల్లలు కుక్కపిల్ల కావాలని పట్టుబట్టారు. చిన్న జాతి అయితే ఇంట్లో ఇబ్బంది ఉండదని టెర్రియర్ వైపు మొగ్గుతున్నారా? అయితే ముందు దాని నైజం తెలుసుకోండి. లాటిన్‌లో ‘టెర్రా’ అంటే నేల. కలుగుల్లో దూరి ఎలుకల్ని, నక్కల్ని తరమడానికి పెంచిన జాతులివి. ఒళ్లో బొమ్మలా కూర్చునే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో ఎలుకలు పట్టిందే. బరువు మూడు కిలోలకు కాస్త అటూ ఇటూ. జాక్ రస్సెల్ అయిదారు కిలోలుంటుంది. దాని హుషారు ముందు పిల్లలే అలసిపోతారు.

కోనసీమలో ఎలుకలకు కొదవేముంది? పెరట్లో కొబ్బరికాయల రాశి, పక్కనే గడ్డివాము, ఆపైన కాలువ గట్టు, వరిచేలు. టెర్రియర్‌కు ఇంతకంటే ఏం కావాలి! చిక్కంతా అక్కడే. ఎలుకల మూత్రంలో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. తడి నేలలో, నిలవ నీటిలో అది వారాల తరబడి బతుకుతుంది. వానాకాలంలో, గోదావరి వరద లంకల్ని ముంచినప్పుడు ముప్పు మరీ ఎక్కువ. ఎలుకను కరిచినా, ఆ నీళ్లు తాగినా కుక్కకు సోకుతుంది. దాని మూత్రం నుంచి ఇంట్లోవాళ్లకూ రావచ్చు. మనం ఎలుక జ్వరం అనేది దీన్నే.

కుక్క తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, కళ్లు పచ్చబడితే ఆ రోజే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే కుక్క ఉన్న సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.

టీకాల దగ్గర ఒక్క ప్రశ్న మర్చిపోవద్దు. పిల్లలకు వేసే కలగలుపు టీకాలన్నింటిలోనూ లెప్టో ఉండదు. ‘ఇందులో ఉందా?’ అని అడగండి. మొదట కొన్ని వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. ‘బయటికే వెళ్లదు కదా’ అని మానేసేవాళ్లున్నారు. ఎలుక లోపలికి వస్తుందిగా! రేబిస్ టీకా మూడు నెలలకు మొదలవుతుంది.

టెర్రియర్ పిల్లలు ఆటలో పళ్లు దింపుతాయి. గాటు పడితే పసుపు, కారం, సున్నం లాంటివేవీ పెట్టొద్దు. ధారగా నీళ్లు వదిలి సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితమే.

ఇంకో మాట, పాములు. ఎలుకలున్నచోట తాచు, రక్తపింజర ఉంటాయి. టెర్రియర్ వెనకడుగు వేసే రకం కాదు. అందుకే కొబ్బరితోటలో, కాలువ గట్టున గొలుసు వదలొద్దు. యార్కీకి మెడపట్టీ కంటే ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ మంచిది. దాని శ్వాసనాళం సున్నితం. మన ఉక్కపోతలో కుక్క వగర్చినా ఒళ్లు త్వరగా చల్లబడదు కాబట్టి తెల్లవారుజామునో, పొద్దుగూకాకో తిప్పండి. యార్కీ జుట్టు పొట్టిగా కత్తిరించి, రోజూ దువ్వండి.

తిండిలో ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ పనికిరావు. పులస పులుసైనా, ముళ్లు దాని గొంతుకు ప్రమాదమే. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం మీరే తినేయండి.