18 ఏళ్ల కుర్రాడు, లక్ష మంది జనం: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ‘ఫ్రెష్‌మన్’ మీద ఇంత గోల ఎందుకు?

డెట్రాయిట్ వైపు మీ చుట్టాలెవరైనా ఉంటే ఒకసారి అడిగి చూడండి. ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే అక్కడ చాలామంది శనివారం దావత్ పెట్టుకునే ముందు కూడా కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఎప్పుడుందో చూసుకుంటారు. 2025లో అయితే మాటంతా ఒక్క కుర్రాడి చుట్టూనే తిరిగింది. అతని పేరు బ్రైస్ అండర్‌వుడ్.

2025 ఆగస్టు 30న యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ జట్టు సీజన్‌లో తన మొదటి మ్యాచ్‌ను న్యూ మెక్సికోతో ఆడింది. మన టైమ్ ప్రకారం అప్పుడు ఆదివారం తెల్లవారుజామున 5 గంటలు. మిషిగన్ జట్టును నడిపించే బాధ్యత అండర్‌వుడ్‌కు ఇచ్చారు. ఆ రోజుకి అతనికి 18 ఏళ్లు నిండి 11 రోజులే అయింది. మన దగ్గర ఇంటర్ అయిపోయి డిగ్రీ ఫస్ట్ ఇయర్‌లో చేరే వయసు. అతను ఆడాల్సిన స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. అమెరికాలో అంతకంటే పెద్ద స్టేడియం లేదు.

ఒక కాలేజీ పిల్లాడు మొదటి మ్యాచ్ ఆడితే ఇంత హంగామా ఏంటి? కొందరు అభిమానులు సంబరపడ్డారు, కొందరు పరేషాన్ అయ్యారు. ఎందుకో చూద్దాం.

ముందు ఆట సంగతి

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. ఈ ఆటలో బంతిని ఎక్కువగా చేత్తోనే పట్టుకుంటారు, విసురుతారు. ఒక్కో జట్టులో 11 మంది మైదానంలో ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి. వెళ్లలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఇలా ముందుకు జరుగుతూ అవతలి గీత దాటితే ‘టచ్‌డౌన్’. దానికి 6 పాయింట్లు.

దాదాపు ప్రతి అవకాశంలోనూ బంతి ముందుగా ‘క్వార్టర్‌బ్యాక్’ చేతికే వస్తుంది. విసరాలా, పక్కవాడికి ఇవ్వాలా, తనే పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆలోపే నూరు కిలోలు దాటిన మనుషులు అతన్ని కింద పడేయడానికి మీదికి ఉరుకుతుంటారు. క్రికెట్‌లో కెప్టెన్సీ, వికెట్ కీపింగ్, చివరి ఓవర్ బ్యాటింగ్ మూడూ ఒక్కడికే అప్పగించినట్టు అనుకోండి.

‘ఫ్రెష్‌మన్’ అంటే కాలేజీలో ఫస్ట్ ఇయర్ కుర్రాడు. ‘ఓపెనర్’ అంటే ఇక్కడ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ కాదు, సీజన్‌లో మొదటి మ్యాచ్. ఒకప్పుడు ఫస్ట్ ఇయర్ వాళ్లను అసలు పెద్ద జట్టులో ఆడనిచ్చేవాళ్లే కాదు. కాలేజీ ఆటలను చూసే సంస్థ ఎన్‌సీఏఏ 1972లో గానీ ఫుట్‌బాల్‌లో వాళ్లకు అనుమతి ఇవ్వలేదు. ఆ తర్వాత కూడా కోచ్‌లు కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను ఏడాదో రెండేళ్లో కూర్చోబెట్టి, సీనియర్‌ను చూసి నేర్చుకోమనేవాళ్లు. మొదటి రోజే పగ్గాలు చేతికివ్వడం అందుకే వార్త అవుతుంది.

మిషిగన్ అభిమానుల బాధ ఏంటి?

2023 సీజన్‌లో మిషిగన్ జాతీయ ఛాంపియన్. 2024 జనవరి 8న ఫైనల్లో వాషింగ్టన్‌ను 34–13తో ఓడించింది. క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ ఆ తర్వాత ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లిపోయాడు. తర్వాతి ఏడాది ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లను మార్చి మార్చి చూశారు. ఏ ఒక్కరూ కుదురుకోలేదు. బంతి విసిరి సంపాదించే గజాల్లో మిషిగన్ దేశంలోనే అట్టడుగు జట్లలో ఒకటిగా మిగిలింది.

అలాంటి టైమ్‌లో, 2024 నవంబర్‌లో అండర్‌వుడ్ మాట మార్చాడు. అంతకుముందు లూసియానాలోని ఎల్‌ఎస్‌యూకు వస్తానని చెప్పినవాడు, మిషిగన్‌కు వస్తానన్నాడు. అతనిది బెల్‌విల్ అనే ఊరు. యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌కు కారులో అరగంట దూరం. ఆ ఏడాది స్కూలు పూర్తి చేస్తున్న ఆటగాళ్లలో దేశంలోనే నంబర్ వన్ అని పేరున్నవాడు. సొంత ఊరి పిల్లాడు ఇంటికొచ్చినట్టు అభిమానులు సంబరం చేసుకున్నారు.

అసలు తేడా డబ్బులో ఉంది

2021 జులైకి ముందు కాలేజీ ఆటగాడు తన పేరు మీద ఒక్క డాలర్ సంపాదించినా తప్పే. స్కాలర్‌షిప్పుతోనే సరిపెట్టుకోవాలి. ఆ నెల నుంచి ప్రకటనలు, ఒప్పందాల ద్వారా సంపాదించుకోవచ్చని రూల్ మార్చారు. 2025 జూన్‌లో ఒక కోర్టు సెటిల్‌మెంట్ ఖరారై యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే వీలు వచ్చింది. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల పరిమితి పెట్టారు. మన లెక్కలో దాదాపు 180 కోట్ల రూపాయలు.

అండర్‌వుడ్ ఒప్పందం విలువ కోటి డాలర్లు దాటుతుందని అమెరికా పత్రికలు రాశాయి. అతన్ని రప్పించడంలో ఒరాకిల్ వ్యవస్థాపకుడు ల్యారీ ఎలిసన్ సాయం కూడా ఉందని వార్తలొచ్చాయి.

అభిమానుల చూపు ఇక్కడే మారిపోయింది. కామర్స్ చదివినవాడిగా నాకు ఈ లెక్క బాగా అర్థమవుతుంది. ఆటగాళ్ల కోసం చందాలు పోగుచేసే సంఘాలకు అభిమానులే డబ్బు ఇస్తారు. ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. మునుపు ఫస్ట్ ఇయర్ కుర్రాడు తప్పు చేస్తే ‘చిన్నోడు, నేర్చుకుంటాడులే’ అనేవాళ్లు. ఇప్పుడు అదే తప్పుకు ‘కోటి డాలర్లు తీసుకుని ఇదా ఆట?’ అంటారు. డబ్బు పెరిగింది గానీ 18 ఏళ్ల వయసు మాత్రం 18 ఏళ్లే.

మూడు రకాల మాటలు

మొదటి మ్యాచ్‌కు ముందు వినిపించిన మాటలు మూడు రకాలు. ‘ఇంత టాలెంట్ పెట్టుకుని బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టాలి?’ అన్నది ఒకటి. ‘అనుభవం కోసమే కదా ఫ్రెస్నో స్టేట్ నుంచి మైకీ కీన్‌ను తెచ్చుకున్నది, కొన్నాళ్లు అతన్ని ఆడించి పిల్లాడికి టైమ్ ఇవ్వొచ్చుగా’ అన్నది రెండోది. మూడో రకం వాళ్లకు న్యూ మెక్సికో మీద భయం లేదు. వాళ్ల గుబులంతా వారం తర్వాత ఓక్లహామాలో, అవతలి జనం మధ్య ఆడాల్సిన రెండో మ్యాచ్ గురించి.

కూర్చోబెట్టడంలోనూ రిస్క్ ఉంది. 2021 నుంచి ఆటగాడు ఏడాది ఆగాల్సిన పని లేకుండా వేరే యూనివర్సిటీకి మారిపోవచ్చు. బెంచీ మీద ఉంచితే కుర్రాడు వెళ్లిపోతాడేమో అన్న భయం కోచ్‌కు ఎప్పుడూ ఉంటుంది. పాతకాలపు ఓపిక తగ్గడానికి ఇదొక కారణం.

మొదటి మ్యాచ్ ఏం చెప్పింది?

మిషిగన్ 34–17తో గెలిచింది. అండర్‌వుడ్ 31 సార్లు విసిరితే 21 సార్లు బంతి మనవాడి చేతికే చేరింది. 251 గజాలు, ఒక టచ్‌డౌన్. ఒక్కసారి కూడా అవతలివాళ్లకు బంతి చిక్కనివ్వలేదు. పక్కనే జస్టిస్ హేన్స్ బంతితో పరిగెత్తి 159 గజాలు, 3 టచ్‌డౌన్లు కొట్టాడు కాబట్టి భారమంతా కుర్రాడి మీద పడలేదు. ఆ రాత్రి అభిమానుల జోష్ చూడాలి!

సరిగ్గా వారానికి ఓక్లహామాలో సీన్ తిరగబడింది. మిషిగన్ 24–13తో ఓడింది. అండర్‌వుడ్ 24 సార్లు విసిరితే చేరినవి 9 మాత్రమే. గత శనివారం ఆకాశానికెత్తిన వాళ్లలోనే కొందరు ఈ శనివారం తలలు పట్టుకున్నారు. ఆ తర్వాత జట్టు కోలుకుంది. 12 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్‌లో 9 గెలిచి 3 ఓడింది. కాకపోతే మిషిగన్ వాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైన ఒహాయో స్టేట్ మ్యాచ్ 27–9తో పోయింది.

పాత రికార్డు చూసినా ఇదే తెలుస్తుంది. మిషిగన్‌లో అండర్‌వుడ్‌కు ముందు ఫస్ట్ ఇయర్‌లోనే ఓపెనర్ ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లలో ఇద్దరి సంగతి చూడండి. 2004లో చాడ్ హెన్నీ మొదలుపెట్టాడు. నాలుగేళ్లు జట్టును నడిపి, తర్వాత ప్రొఫెషనల్ లీగ్‌లోనూ చాలా ఏళ్లు ఉన్నాడు. 2009లో టేట్ ఫోర్సియర్ వచ్చాడు. మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిపించి హీరో అయ్యాడు. ఆ సీజన్ ముగిసేసరికి జట్టు లెక్క 5 గెలుపులు, 7 ఓటములు. మరుసటి ఏడాది అతని స్థానం డెనార్డ్ రాబిన్సన్‌కు వెళ్లింది. తర్వాత ఫోర్సియర్ యూనివర్సిటీయే వదిలేశాడు. ఇద్దరూ ఓపెనర్ గెలిచినవాళ్లే. ఆ ఒక్క రోజు చూసి ఎవరు నిలబడతారో ఎవరూ చెప్పలేకపోయారు.

ఆటలో మరో నీడ

ఈ కుర్రాళ్ల మీద పడుతున్న మరో బరువు బెట్టింగ్. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒక్కో రాష్ట్రం ఆటల మీద పందేలకు తలుపులు తెరిచింది. ఎవరు గెలుస్తారన్నదే కాదు, ఒక్కో ఆటగాడు ఎన్ని గజాలు విసురుతాడన్న దాని మీద కూడా పందేలు కాస్తారు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నేరుగా ఆ కుర్రాడి ఫోన్‌కే తిట్లు, బెదిరింపులు పంపుతున్నారు. అందుకే కాలేజీ ఆటగాళ్ల మీద విడిగా పందేలు వద్దని ఎన్‌సీఏఏ రాష్ట్రాలను కోరుతోంది. బెట్టింగ్ యాప్‌లు ఇళ్లను ఎలా ముంచుతాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ పందెం కాసేవాడితోపాటు, దాంతో ఏ సంబంధం లేని ఆటగాడూ నలుగుతున్నాడు.

మరి చూసేవాళ్లు ఏం చూడాలి?

ఈసారి మీ అన్న పిల్లలో, అక్క పిల్లలో అమెరికా నుంచి ఫోన్ చేసి ‘మా కాలేజీకి కొత్త క్వార్టర్‌బ్యాక్ వచ్చాడు’ అంటే స్కోరు ఒక్కటే అడగకండి. కుర్రాడి ముందు నిలబడి కాపాడేవాళ్లు గట్టివాళ్లేనా, బంతితో పరిగెత్తేవాడు మంచోడేనా, తప్పు చేశాక కోచ్ మళ్లీ బంతి చేతికిచ్చాడా లేదా అని అడగండి. ఫస్ట్ ఇయర్ కుర్రాడు నిలదొక్కుకోవడం చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉంటుంది. ఓక్లహామాలో ఓడిన మరుసటి శనివారం కూడా మిషిగన్ కోచ్‌లు అండర్‌వుడ్‌నే ఆడించారు. సెంట్రల్ మిషిగన్ మీద ఆ మ్యాచ్‌లో జట్టు 63–3తో గెలిచింది.