కంప్యూటర్ ఉండుండి ఆగిపోతోందా? దోషం వెదికే విధానం

నేడు అనేక పాల సంఘాలలో పాల తూకం, వెన్న శాతం, సభ్యుల బిల్లులు కంప్యూటర్‌లోనే నమోదవుతున్నాయి. ఆ యంత్రం కొన్నాళ్ళు చక్కగా నడిచి, ఒకనాడు హఠాత్తుగా తెరనిండా అక్షరాలు చూపి బిగిసిపోవచ్చు. లినక్స్ యంత్రాలలో దీనిని 'కెర్నెల్ పానిక్' అంటారు.

కెర్నెల్ అంటే యంత్రంలోని అన్ని భాగాలను నడిపే మూల ప్రోగ్రాం. ఫైల్ సిస్టమ్ అంటే డిస్కులో ఏ లెక్క ఎక్కడున్నదో తెలిపే చిట్టా. చిట్టాలో పొంతన కుదరనపుడు, ఇంకా వ్రాస్తే ఉన్న లెక్కలు కూడ చెడవచ్చు. అందుకే ఇ.ఎక్స్.టి.4 ఫైల్ సిస్టమ్‌లో మూడు ఏర్పాట్లున్నాయి: పని సాగించడం, చదవడానికి మాత్రమే అనుమతించడం, పూర్తిగా ఆపివేయడం. మూడవది ఎంచుకున్న చోట ఆగిపోవడం రక్షణ కొరకే.

తెరపై ఫైల్ సిస్టమ్ పేరు కనిపించినంత మాత్రాన దోషం దానిదే కానక్కరలేదు. క్యానులో పాలు విరిగితే తప్పు క్యానుదే అనలేము గదా! మెమరీ, డిస్కు, వైరు, విద్యుత్తు - వీటిలో ఏది చెడినా ఫలితం చిట్టాలోనే బయటపడుతుంది. కనుక ఈ వరుసలో పరీక్షించాలి:

1. తెరపై సందేశాన్ని ఫోటో తీసి, తేదీ, వేళ, అప్పుడు జరుగుతున్న పని పుస్తకంలో వ్రాయాలి. ప్రతిసారీ సందేశం మారుతుంటే మొదట మెమరీని, విద్యుత్తును అనుమానించాలి.

2. ఏ మరమ్మతుకైనా ముందు లెక్కలన్నిటికీ వేరే డిస్కులో నకలు తీయాలి.

3. మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రాంను రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు చూపినా ఆ మెమరీని నమ్మరాదు.

4. డిస్కు 'స్మార్ట్' నివేదిక చూడాలి. చెడిన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే డిస్కు మార్చాలి. వైర్లు బిగువుగా ఉన్నవో లేవో చూడాలి.

5. ఆ తరువాతనే ఎఫ్.ఎస్.సి.కె.తో చిట్టాను సరిచేయాలి. ఫైల్ సిస్టమ్ వాడుకలో ఉండగా దీనిని నడపరాదు. పెన్‌డ్రైవ్ నుండి యంత్రాన్ని ప్రారంభించి నడపాలి. మెమరీ దోషం తీరకుండా నడిపితే మంచి లెక్కలు కూడ పాడుకావచ్చు.

6. అన్నీ బాగుండీ ఆగుతుంటే కెర్నెల్‌లోనే లోపం ఉండవచ్చు. కొత్త వెర్షన్ వేయించాలి.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. పది రోజులకొకసారి ఆగే యంత్రం రెండు రోజులు నడిచినంత మాత్రాన బాగయినట్లు కాదు. కనీసం నెల రోజులు గమనించాలి. అంతవరకు ప్రతి పూటా సేకరణ వివరాలను రిజిస్టరులో కూడ వ్రాయాలని కార్యదర్శులకు మనవి. సభ్యులు తమ చీటీలను బిల్లు చేతికందే వరకు భద్రపరచుకోవాలి. యంత్రం ఆగినా రైతు పాల డబ్బు ఆగకూడదు.