ఇంటికి ఏ కెమెరా? దూరాన్ని దగ్గర చేసేదా, మసక వెలుతురును పట్టేదా?

పెళ్ళిళ్ళ కాలం, సెలవుల కాలం దగ్గరపడితే అనేక ఇళ్ళలో కెమెరా ప్రస్తావన వస్తుంది. చేతిలో సెల్‌ఫోన్ ఉండగా మళ్ళీ కెమెరా ఎందుకన్న ప్రశ్న సహజమే. అయినా కొనాలని నిశ్చయించుకున్నవారి ముందు సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి లెన్స్ మార్చుకోవడానికి వీలున్న ప్రారంభ స్థాయి డీఎస్ఎల్ఆర్. రెండవది జేబులో ఇమిడిపోయే సూపర్‌జూమ్. దుకాణదారు మొదటిదాన్ని చూపి ‘ఫోటోగ్రాఫర్లు వాడేది ఇదే’ అంటాడు. రెండవదాన్ని చూపి ‘నలభై రెట్ల జూమ్’ అంటాడు. రెండూ నిజమే. కానీ ఆ కుటుంబానికి ఏది అవసరమో ఈ రెండు మాటలూ చెప్పవు. కష్టార్జితంలో నుంచి వేల రూపాయలు వెచ్చించే ముందు ఆ సంగతిని మనమే తెలుసుకోవాలి.

చిత్తూరు జిల్లా కార్వేటినగరాన్నే తీసుకుందాం. అక్కడి పుష్కరిణి గట్టు మీద ఒక యువకుడు పగటివేళ నిలబడ్డాడనుకోండి. ఎదుటి గట్టు మెట్ల మీద కొంగ వాలింది. దాన్ని చిత్రంగా తీయాలని అతని కోరిక. అదే ఊరిలో అదే రోజు రాత్రి ఒక ఇంట్లో నికాహ్. ట్యూబ్‌లైట్ వెలుగులో పెద్దలు కూర్చున్నారు, పిల్లలు పరుగులు తీస్తున్నారు. ఆ దృశ్యాన్ని భద్రపరచాలని ఇంటివారి కోరిక. మొదటి చోట వెలుతురుకు కొదవలేదు, దూరమే అడ్డు. రెండవ చోట దూరం లేదు, వెలుతురే తక్కువ. ఈ రెండు కెమెరాల మధ్య తేడా అంతా ఈ రెండు సందర్భాలలోనే ఉంది.

చీకటి గది చెప్పే పాఠం

కెమెరా అనే మాట అరబీ నుంచి వచ్చిందని కొందరు గర్వంగా చెబుతుంటారు. అది సరికాదు. అది లాటిన్ పదం, అర్థం ‘గది’. మన ఇళ్ళలో గదిని ‘కమ్రా’ అంటాం కదా, ఆ మాట పోర్చుగీసుల ద్వారా ఉర్దూలోకి వచ్చింది. దాని మూలమూ ఆ లాటిన్ పదమే. మనం గర్వించదగిన సంగతి మాటలో కాదు, విద్యలో ఉంది. బస్రాలో సుమారు 965లో జన్మించి, కైరోలో జీవితం ముగించిన ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో ఒక ప్రయోగాన్ని వివరించారు. చీకటి గదికి ఒక చిన్న రంధ్రం. దాని వెలుపల వేర్వేరు చోట్ల కొన్ని దీపాలు. లోపల ఒక్కొక్క దీపపు వెలుగు వేరుగా, తనకు ఎదురుగా ఉన్న చోట పడుతుంది. ఒక దీపాన్ని మూసివేస్తే దాని వెలుగు మాత్రమే మాయమవుతుంది, తక్కినవి అలాగే ఉంటాయి. కాంతి కిరణాలు ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా తిన్నగా ప్రయాణిస్తాయని దీనివల్ల తేలింది.

గ్రహణ వేళ సూర్యుని ఆకారం గురించి రాసిన మరో గ్రంథంలో ఆయన రంధ్రపు పరిమాణాన్ని పరిశీలించారు. రంధ్రం చిన్నదైతే నెలవంక వంటి ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది, పెద్దదైతే ఆ ఆకారం చెదిరిపోతుంది. అయితే రంధ్రం చిన్నదయ్యే కొద్దీ లోపలికి వచ్చే వెలుతురూ తగ్గుతుంది. స్పష్టత, వెలుతురు ఒకదాని కోసం ఒకటి త్యాగం చేయవలసి రావడం అప్పటి నుంచీ ఉన్నదే. లెన్స్ వచ్చాక ఆ బాధ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. నేటి కెమెరా కూడా ఒక చీకటి గదే. దాని గోడ స్థానంలో వెలుతురును గ్రహించే సెన్సర్ అనే పలక ఉంటుంది. ఆ పలక ఎంత పెద్దదన్నదే మనం తొలుత అడగవలసిన ప్రశ్న.

అంకెలు ఏమంటున్నాయి?

పోల్చడానికి ఒకే సంస్థకు చెందిన, 2018లోనే వెలువడిన రెండింటిని తీసుకుందాం. కేనన్ ఈఓఎస్ 1500డీ ప్రారంభ స్థాయి డీఎస్ఎల్ఆర్. కేనన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్ 740 హెచ్ఎస్ జేబు సూపర్‌జూమ్. మొదటిది 24.1 మెగాపిక్సెళ్ళు, రెండవది 20.3 మెగాపిక్సెళ్ళు. ఇక్కడ తేడా స్వల్పం. సెన్సర్ దగ్గరకు వస్తే లెక్క మారిపోతుంది. డీఎస్ఎల్ఆర్ సెన్సర్ 22.3 మిల్లీమీటర్ల పొడవు, 14.9 మిల్లీమీటర్ల వెడల్పు. సూపర్‌జూమ్ సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. వైశాల్యంలో మొదటిది రెండవదానికి దాదాపు 12 రెట్లు. వాన కురిసేటప్పుడు వాకిట్లో ఒక చోట చెంబు, మరో చోట గంగాళం పెట్టినట్లన్నమాట. కురిసే వాన ఒకటే, నిండే నీళ్ళు వేరు.

జూమ్ విషయంలో త్రాసు రెండవ వైపుకు మొగ్గుతుంది. డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే 18–55 లెన్స్ మూడు రెట్లు మాత్రమే దగ్గరకు తెస్తుంది. పాత ఫిల్మ్ కెమెరా కొలతలో చెబితే 29 నుంచి 88 మిల్లీమీటర్లు. సూపర్‌జూమ్ అదే కొలతలో 24 నుంచి 960 మిల్లీమీటర్ల వరకు వెళుతుంది. బరువు చూస్తే డీఎస్ఎల్ఆర్ లెన్స్‌తో కలిపి 675 గ్రాములు, సూపర్‌జూమ్ 299 గ్రాములు. అయితే ఒకసారి ఛార్జి చేస్తే డీఎస్ఎల్ఆర్ సుమారు 500 చిత్రాలు తీస్తుంది, సూపర్‌జూమ్ అందులో దాదాపు సగమే.

దూరం సమస్య అయినచోట

చంద్రుణ్ణి చిత్రించే ఉత్సాహం మన పిల్లలకు ఎక్కువ. ఆకాశంలో చంద్రబింబం వ్యాసం సుమారు అర డిగ్రీ మాత్రమే. డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే లెన్స్‌తో తీస్తే చిత్రం ఎత్తులో దాదాపు ముప్పయ్యో వంతు, అంటే ఒక తెల్ల చుక్క. 55–250 లెన్స్ అదనంగా కొంటే ఏడో వంతుకు చేరుతుంది. జేబు సూపర్‌జూమ్‌తో మూడో వంతుకు పైగా నిండుతుంది. దాని సెన్సర్ చిన్నదైనా ఇక్కడ ఇబ్బంది లేదు. ఎందుకంటే నిండు చంద్రుడు ఎండలో ఉన్న రాయి వంటివాడు, వెలుతురు పుష్కలం. పగటిపూట పక్షులకు, కొండ అంచులకు, కట్టడాల మీది చెక్కడాలకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది.

నెలవంక సంగతి మాత్రం వేరు. సూర్యాస్తమయం తర్వాత కొద్దిసేపే, వెలుతురు ఇంకా మిగిలిన ఆకాశంలో, దిగంతానికి దగ్గరగా సన్నని గీతలా ఉంటుంది. ఎక్కడ ఉందో తెలిశాక దాన్ని పెద్దదిగా చూపడానికి జూమ్ ఉపయోగపడుతుంది. వెతికిపెట్టడం దాని పని కాదు. కెమెరాలో చిక్కిన నెలవంకను సాక్ష్యంగా పరిగణించాలా వద్దా అనేది రూయతె హిలాల్ కమిటీల పెద్దలు తేల్చవలసిన విషయం.

మరొక జాగ్రత్త ఉంది. 960 మిల్లీమీటర్ల దగ్గర చేయి వెంట్రుకవాసి కదిలినా చిత్రం చెదురుతుంది. లోపల వణుకును సరిదిద్దే ఏర్పాటు ఉన్నా, గోడకో స్తంభానికో ఆనుకొని తీయడం మేలు. సాయంత్రం కాగానే ఈ జూమ్ బలం సగం తగ్గిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. పూర్తిగా సాగినప్పుడు దాని లెన్స్ ద్వారం ఎఫ్/6.9 వరకు ఇరుకవుతుంది.

వెలుతురు సమస్య అయినచోట

ఇక రాత్రి నికాహ్ జరిగే ఇంటికి వద్దాం. మనుషులు కదులుతుంటారు కనుక షట్టర్ త్వరగా మూసుకోవాలి. త్వరగా మూస్తే వెలుతురు చాలదు. ఆ లోటు పూడ్చడానికి కెమెరా తన గ్రహణశక్తిని, అంటే ఐఎస్ఓను పెంచుతుంది. చిన్న సెన్సర్‌లో ఐఎస్ఓ పెరిగితే చిత్రం మీద ఇసుక చల్లినట్లు మచ్చలు పడతాయి. ముఖాల మీది సున్నితమైన గీతలు అలుక్కుపోతాయి. పెద్ద సెన్సర్ ఇక్కడే తన విలువ నిరూపించుకుంటుంది. దానికి 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ జతచేస్తే, ఎఫ్/5.6 దగ్గర ఆగిపోయే మామూలు లెన్స్ కంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వస్తుంది. లెన్స్‌లలో తక్కువ ధరకు దొరికేవాటిలో ఇది ఒకటి. ఇరుకు గదిలో మాత్రం దీనితో తీయడానికి కాస్త వెనక్కి జరగాలి.

డీఎస్ఎల్ఆర్‌కు ఒక లోపమూ ఉంది. నొక్కిన ప్రతిసారీ లోపలి అద్దం పైకి లేచి ‘టప్’ మని చప్పుడు చేస్తుంది. నికాహ్ ఖుత్బా సాగుతుండగా ఆ చప్పుడు సభామర్యాదకు తగదు. ఆ కొద్ది నిమిషాలు కెమెరాను పక్కన పెట్టడమే ఉత్తమం.

ఆడపిల్లలకు ఒక ఉపాధి

ప్రాణుల చిత్రాల విషయంలో పండితుల మధ్య ఉన్న అభిప్రాయ భేదాలు పాఠకులకు తెలిసినవే. ఎవరు ఏ పండితుల మాటను అనుసరిస్తున్నారో అలాగే నడుచుకుంటారు. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీయించేవారు మాత్రం ఒక విషయం ఆలోచించాలి. స్త్రీల వైపు ఫోటో తీయడానికి పరాయి మగవాణ్ణి ఎందుకు పంపాలి? ఈ ప్రశ్నకు మన తెలుగునేల మీద నూట ముప్పై ఏళ్ళ క్రితమే సమాధానం దొరికింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో ప్రారంభించారు. చుట్టూ ఎత్తయిన గోడలు. దాని నిర్వహణ శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళది.

అప్పుడు ఆ పనికి ఒక ఆంగ్ల మహిళను నియమించవలసి వచ్చింది. ఇప్పుడు మన అమ్మాయిలే నేర్చుకోగలరు. కార్వేటినగరం, పుత్తూరు, నగరి వంటి చోట్ల జనానా వైపు చిత్రాలు తీయగల యువతి ఒక్కరున్నా ఎన్ని కుటుంబాలకు నిశ్చింత! ఆ చిత్రాలు ఆమె చేతి నుంచి తిన్నగా ఇంటివారి చేతికే చేరతాయన్న భరోసా ఉంటుంది. ఇంట్లో ఆడపిల్ల ఈ పని నేర్చుకుంటానని అడిగితే ఆమెకు కొనవలసింది డీఎస్ఎల్ఆర్. వెలుతురు, ద్వారం, షట్టర్ – ఈ మూడింటి లెక్క చేతితో తిప్పి నేర్చుకునే వీలు అందులోనే ఎక్కువ. సంపాదన మొదలయ్యాక లెన్స్‌లు ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. సూపర్‌జూమ్‌కు ఆ ఎదుగుదల లేదు, కొన్ననాడు ఎంతో చివరి వరకూ అంతే.

రెండూ అక్కరలేని పని

పెట్టెలో దాచిన పాత దస్తావేజులు, వక్ఫ్ కాగితాలు, తాతల నాటి సనదులు, వంశవృక్షాలు చిత్రాలుగా తీసి భద్రపరచాలన్న కోరికతో కెమెరా కొనేవారున్నారు. ఉద్దేశం ఎంతో మంచిది. చెదలకూ తడికీ ఎన్ని ఆధారాలు ఆహుతైపోయాయో లెక్క లేదు. కానీ కాగితం కదలదు. కదలనిదానికి షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచినా నష్టం లేదు కనుక పెద్ద సెన్సర్ అవసరమూ లేదు. ఏ4 కాగితం నిండుగా తీస్తే ఆ జేబు కెమెరాలోనూ అంగుళానికి 400కు పైగా చుక్కలు పడతాయి, చదవడానికి అది చాలు. మంచి సెల్‌ఫోన్‌తోనూ ఈ పని అవుతుంది. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట కాగితాన్ని పరచండి. కెమెరాను ట్రైపాడ్ మీద కాగితానికి సమాంతరంగా నిలపండి. ఫ్లాష్ వాడకండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేయండి. ఈ పనికి కొనవలసింది ట్రైపాడ్ ఒక్కటే.

కొనే ముందు

ఇప్పుడు కెమెరా సంస్థల దృష్టి అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్ళింది. కొత్త డీఎస్ఎల్ఆర్‌ల రాక తగ్గింది. అందువల్ల వాడినవి తక్కువ ధరకు దొరుకుతున్నాయి. తిరుపతిలోనో చెన్నైలోనో అలాంటిది కొనేటప్పుడు లెన్స్‌ను వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. లోపల సాలెగూడు వంటి బూజు కనిపిస్తే వదిలేయండి. షట్టర్ ఎన్ని వేలసార్లు కొట్టిందో అడగండి. వాడిన సూపర్‌జూమ్ అయితే జూమ్‌ను పూర్తిగా సాగదీసి, తెల్లగోడను చిత్రం తీసి చూడండి. ముందుకూ వెనక్కూ కదిలే ఆ గొట్టంలోకి దుమ్ము చేరితే మచ్చలు కనబడతాయి. దాన్ని ఇంట్లో శుభ్రం చేయలేం. ఏది కొన్నా వడ్డీ వాయిదాల మీద మాత్రం కొనవద్దు. ఇంకో ఆరు నెలలు ఆగితే వచ్చే నష్టమేమీ లేదు.

సూపర్‌జూమ్ కొని పిల్లల చేతికిచ్చే తల్లిదండ్రులు ఇంకో మాట చెప్పి ఇవ్వాలి. దానితో వీధి అవతలి మిద్దె మీద బట్టలు ఆరవేసే స్త్రీ ముఖమూ కనిపిస్తుంది. ఇతరుల గుట్టు వెతకడాన్ని దివ్యఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలో నిషేధించింది. కంటికి వర్తించే ఆ నిషేధం లెన్స్‌కూ వర్తిస్తుంది. దగ్గరకు వెళ్ళి అనుమతి అడగలేని చిత్రాన్ని దూరం నుంచి తీయకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

చివరగా, దుకాణానికి బయలుదేరే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని, రాబోయే ఏడాదిలో తీయదలచిన పది చిత్రాలను ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కదాని పక్కన ‘దూరం’ అనో ‘మసక’ అనో గుర్తు పెట్టండి. దూరం ఎక్కువైతే సూపర్‌జూమ్, మసక ఎక్కువైతే డీఎస్ఎల్ఆర్. ఏ గుర్తూ పెట్టవలసిన పని లేనివే ఎక్కువగా ఉంటే చేతిలోని సెల్‌ఫోన్ చాలు. మిగిలిన ఆ డబ్బుకు పిల్లల చదువులో ఇంతకంటే మంచి ఖర్చు తప్పక దొరుకుతుంది.