సుంకం ఢిల్లీలో, గూళ్ల ధర మన మార్కెట్టులో

గూళ్లు మార్కెట్టులో పోసి వేలం ముగిసేదాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటాం. ధర పడిందంటే రీలర్లను తిడతాం, వానను తిడతాం. ఒక్కోసారి కారణం వాళ్లు కాదు, చైనా నుంచి వచ్చే ముడిపట్టు మీద కేంద్రం వేసే దిగుమతి సుంకం.

2011 బడ్జెట్‌లో ఈ సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించారు. ఆ ఏడాది కర్ణాటకలో గూళ్ల ధర పడిపోయి మన రైతులు రోడ్డెక్కారు. 2013లో మళ్లీ 15 శాతం చేశారు. తర్వాత 10కి తగ్గించి, 2021 బడ్జెట్‌లో తిరిగి 15కి పెంచారు.

ఈ అంకెలు మన ఇంటికి ఎలా వస్తాయో చూద్దాం. లెక్క కోసం పైదేశపు పట్టు కిలో 4,000 రూపాయలు అనుకోండి. 5 శాతం సుంకమైతే 4,200, 15 శాతమైతే 4,600. తేడా 400. కిలో పట్టుకు సుమారు 7 కిలోల బైవోల్టైన్ గూళ్లు పడతాయి గదా, అంటే కిలో గూళ్లకు 57 రూపాయలు. 150 కిలోల పంట తీసిన ఇంటికి 8,500 పైమాటే. అంతా మన చేతికి రాదు, రీలరు ఖర్చులూ ఉంటాయి. అయినా ఒక పంట కూలి డబ్బు అందులోనే ఉంది.

ఇక మగ్గం వైపు చూడాలి. కంచిలో, ధర్మవరంలో, మొలకాల్మూరులో నేసేవాళ్లకు నూలు ధర పెరిగితే దిగులే. చీరకు అర కిలో పట్టు అనుకుంటే అదే 400 తేడా చీర మీద 200 అవుతుంది. కొనేవాళ్లు ఇవ్వకపోతే నేతగాని కూలి తగ్గుతుంది, లేదా మగ్గం మీదికి పాలిస్టర్ ఎక్కుతుంది. అప్పుడు మన గూళ్లకూ గిరాకీ పోతుంది. అందుకే సుంకం ఎంత పెరిగితే అంత మంచిదని మేము అనం. ఒక్క రాత్రిలో 30 నుంచి 5కి దించకుండా, ముందే చెప్పి మెల్లగా మార్చమని అడుగుతాం.

వ్యాపార ఒప్పందాల సంగతీ ఉంది. ఒప్పందం ఉన్న దేశపు సరుకుకు సుంకం తగ్గవచ్చు. వేరే దేశం సరుకు ఆ దారిలో దూరకుండా, అది ఎక్కడ పుట్టిందో దిగుమతిదారు రుజువు చూపాలని 2020 సెప్టెంబరు 21 నుంచి నియమం ఉంది.

చైనా నూలును మరమగ్గాలవాళ్లు అడిగేది చవకని మాత్రమే కాదు, పోగు తెగదు, సమంగా ఉంటుందని. సుంకం మన చేతిలో లేదు. గూడు నాణ్యం మన చేతిలో ఉంది. చంద్రికల మీద పురుగులు కిక్కిరిసిపోకుండా, గాలి ఆడేలా చూసుకోండి. డబుల్ గూళ్లు, మరక గూళ్లు ఏరి పక్కన పెట్టి లాటు పెట్టండి.

ఇంకొక మాట. “సుంకం ఎత్తేశారట” అని మెసేజి వస్తే భయపడి గూళ్లు అగ్గువకు ఇచ్చేయకండి. ముందు మీ రేషం ఆఫీసులో అడగండి. మీ మార్కెట్టులో ఈ వారం పలికిన ధర మాకు రాసి పంపండి, అందరికీ పంచుతాం.